నెట్ సరిగా లేని ఇంట్లో ఫ్రెంచ్: మూడేళ్లు వాడి చూశాక

మా ఇంట్లో ఇంటర్నెట్ ఉందా అంటే ఉంది. నెలకింత డేటా అని రేషన్, సాయంత్రమైతే నత్తనడక, గాలీవానా వస్తే అదీ లేదు. పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నాం కాబట్టి ఫ్రెంచ్ కూడా నా మెడకే పడింది. నాకా, అందులో ఒక్క ముక్క రాదు. మొదలుపెట్టినప్పుడు పెద్దదానికి 10 ఏళ్లు, చిన్నవాడికి 7. ఒక యాప్ కోర్సు నాలుగు నెలలు, ఒక పుస్తకాల కోర్సు ఐదు నెలలు వాడి వదిలేశాం. మూడోది నేనే అతుకులేసి కుట్టుకున్న ఆడియో కోర్సు. రెండేళ్ల పైనుంచి అదే నడుస్తోంది.

మొదట కొన్న యాప్ మీద "ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తుంది" అని రాసి ఉంది. అబద్ధమని అనలేను. పాఠం డౌన్‌లోడ్ అయ్యేది, బొమ్మలూ మాటలూ అన్నీ ఉండేవి. చిక్కంతా పాఠం అయ్యాకే. పిల్లవాడు చివరి ప్రశ్నకి జవాబు నొక్కేవాడు, తెర మధ్యలో చక్రం తిరగడం మొదలయ్యేది. ఒకరోజు దాన్ని పది నిమిషాలు చూసి చూసి నా దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఇది నా మార్కులు ఎవరికో చెప్పి రావాలంట. అప్పటిదాకా తర్వాతి పాఠం ఇవ్వదంట." నేను పేజీలకి పేజీలు సమీక్షలు చదివి తెలుసుకోలేనిది వాడు రెండు ముక్కల్లో చెప్పేశాడు. పాఠం మన ఫోన్‌లో ఉన్నా తాళం వాళ్ల సర్వర్‌లో ఉంది.

తర్వాత మిగతావీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. మనం మైక్‌లో పలికింది సరిగ్గా ఉందో లేదో చూసే పని కూడా నెట్ మీదే ఆధారపడింది. నెట్ లేనప్పుడు ఏం పలికినా పచ్చ టిక్కు పెట్టేసేది. ఒకసారి మావాడు కావాలని తుమ్మాడు, దానికీ టిక్కే. నెలకోసారి మళ్లీ లాగిన్ అడిగేది, ఆ రోజు సిగ్నల్ లేకపోతే దింపుకున్న పాఠాలూ తెరుచుకోవు. ఇక అప్‌డేట్ వచ్చిందంటే ఒక్క దెబ్బకి 180 ఎంబీ.

అందుకని ఎవరడిగినా ముందు ఇదే చెప్తాను. ట్రయల్ తీసుకున్న రోజే రెండు మూడు పాఠాలు దింపుకుని, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ట్రయల్ అయ్యేదాకా తీయకండి. ఒక పాఠం పూర్తిచేసి ఇంకో దాంట్లోకి వెళ్లగలుగుతున్నారా, ఫోన్ ఆపి ఆన్ చేశాక కూడా తెరుచుకుంటోందా చూడండి. లాగిన్ ఎన్ని రోజులకోసారి అడుగుతుందో, చందా ఆపేస్తే దింపుకున్న ఆడియో ఉంటుందో పోతుందో అమ్మేవాళ్లని రాతపూర్వకంగా అడగండి. సూటిగా చెప్పకుండా నాన్చారంటే మీకు జవాబు దొరికినట్టే.

యాప్ మీద కోపంతో పూర్తిగా పుస్తకాల్లోకి దూకాను. తప్పంతా నాదే. పుస్తకానికి సిగ్నల్ అక్కర్లేదు కదా అనుకున్నాను. దానితో పాటు రావాల్సిన ఆడియోకి వేరే లింకు ఇచ్చారు. దాన్ని "తర్వాత చూద్దాంలే" అని పక్కన పెట్టాను. మనకి అలవాటైన లిపిలో రాసింది రాసినట్టు చదివితే మాట వచ్చేస్తుంది. ఫ్రెంచ్‌లో ఆ బేరం కుదరదు. పక్షికి వాళ్ల మాట 'వాజో'. రాసేటప్పుడు ఓ, ఐ, ఎస్, ఈ, ఏ, యు అని ఆరు అక్షరాలు, వాటిలో ఒక్కటీ తన పేరు తను చెప్పదు. 'అతను మాట్లాడతాడు' అన్నా 'వాళ్లు మాట్లాడతారు' అన్నా చెవికి వినబడేది 'ఇల్ పార్ల్' ఒకటే. రెండోదాని చివర ఈ, ఎన్, టీ అని మూడక్షరాలు ఉంటాయి, నోట్లోంచి మాత్రం రావు.

మా పెద్దదేమో ఐదు నెలలు చక్కగా, గడగడా 'ఇల్స్ పార్లెంట్' అని చదివింది. నాకు ముచ్చటేసింది కూడా. ఫ్రెంచ్ బాగా తెలిసిన ఒకావిడ ఫోన్‌లో విని, కాసేపు ఆగి, "ఇది ఏ భాషండీ?" అన్నారు. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థం కాక. ఐదు నెలల్లో పట్టిన ఆ అలవాటు వదలడానికి దాదాపు ఏడాది పట్టింది. అప్పటికి ఇంకా చదవడం రాని చిన్నవాడు మాత్రం హాయిగా తప్పించుకున్నాడు.

నెట్ తక్కువున్న ఇంట్లో ఎవరి మనసైనా కాగితం వైపే లాగుతుంది. వేరే సబ్జెక్టులకి అది సరైన దారే కావచ్చు. ఫ్రెంచ్‌కి మాత్రం ముందు శబ్దం ఇంట్లో ఉండాలి, కాగితం దాని వెనక రావాలి. శబ్దానికి పెద్ద నెట్ కూడా అక్కర్లేదు. సెకనుకి 64 కిలోబిట్ల (64 కేబీపీఎస్) ఎంపీ3 ఆడియో అయితే అరగంట పాఠం 14 ఎంబీ చిల్లర. అదే అరగంట వీడియో మామూలు క్వాలిటీలో కూడా దానికి పదిరెట్లో ఇరవై రెట్లో తింటుంది. ఈ లెక్క వేసుకున్న రోజు నుంచి మాకు టెన్షన్ పోయింది. నెలకి రెండుసార్లు లైబ్రరీకి వెళ్లినప్పుడు అక్కడి వైఫైలో రెండు వారాలకి సరిపడా దింపుకుని, మెమరీ కార్డులో వేసి, పాత ఫోన్‌లో సిమ్ తీసేసి పెడతాను. ఆ ఫోన్ ఫ్రెంచ్‌కే.

అందులో వెన్నెముక లాంటిది అమెరికా ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పాత ఫ్రెంచ్ కోర్సు. దౌత్య ఉద్యోగుల శిక్షణ కోసం ప్రభుత్వమే తయారుచేసినది, ఉచితంగా దొరుకుతుంది, ఆడియోకి తోడు పుస్తకం పీడీఎఫ్ కూడా ఉంది. మొత్తం 24 యూనిట్లు. అది కాక ఉచ్చారణకి విడిగా ఫొనాలజీ పాఠాలున్నాయి, మేం వాటితోనే మొదలుపెట్టాం. ఒక గొంతు వాక్యం చెప్తుంది, ఖాళీ వదులుతుంది, ఆ ఖాళీలో మనం చెప్పాలి, వెంటనే సరైనది వినబడుతుంది. నాకు భాష రాకపోయినా తప్పు ఎక్కడుందో చెవికి తెలిసిపోయేది. పెద్దవాళ్లని ఉద్దేశించి చేసింది కాబట్టి సంభాషణల్లో ఎక్కువగా ఉద్యోగుల వ్యవహారమే. ఏడేళ్లవాడికి అదంతా ఎందుకని వాడికి చిన్న చిన్న డ్రిల్స్ ఏరి పెట్టాను. పెద్దది మాత్రం వరుసగానే చేస్తోంది.

ఉచ్చారణలో మనకి కొంత లాభం ఉంది. వాళ్ల 'టీ' మన 'త', వాళ్ల 'డీ' మన 'ద'. గాలి ఊదకుండా పలికే ప, త, క మన నోటికి పుట్టుకతో వచ్చినవే. ముక్కులోంచి వచ్చే 'బోఁ' లాంటి మాటలకి, ఎప్పుడో చదివి వదిలేసిన అరసున్నని బయటికి తీశాను. ఆ ఉత్సాహంలో మాటలన్నిటి కిందా తెలుగులో రాయడం మొదలుపెట్టి దెబ్బతిన్నాను. 'పైన' అనడానికీ 'కింద' అనడానికీ వాళ్లకి రెండు వేరే మాటలున్నాయి. తెలుగులో రాయబోతే రెండూ 'దసూ'యే. మొదటిదానికి పెదాలు 'ఊ' అన్నట్టు ముందుకు ముడిచి లోపల 'ఈ' అనాలి. దానికి మన దగ్గర అక్షరం లేదు.

అట్టపెట్టె ఒకటి, పెన్సిల్ ఒకటి పెట్టుకుని రోజూ ఐదు నిమిషాలు ఆట. ఫోన్‌లోంచి ఆ మాట రావడం, పెన్సిల్ పెట్టె పైన పెట్టాలా కింద పెట్టాలా చూడటం. మొదటి వారం ముగ్గురం పందెం వేసినట్టే, సగం ఒప్పు, సగం తప్పు. మూడో వారానికి పిల్లలిద్దరూ తప్పు చేయడం మానేశారు. నేను ఇప్పటికీ చేస్తాను. తెలుగు రాతలన్నీ అప్పుడే చెరిపేశాను.

మాటలు గుర్తుండటానికి అంకి అనే కార్డుల ప్రోగ్రాం వాడుతున్నాం. కార్డులు, వాటిలోని ఆడియో అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి, నెట్ అడగదు. మర్చిపోయే సమయానికి ఆ కార్డు మళ్లీ ముందుకొస్తుంది. కార్డు ముందు వైపు రాత ఉండకూడదు, శబ్దం మాత్రమే ఉండాలి అని మా ఇంటి రూలు. మొదట ఎవరో చేసి పెట్టిన పెద్ద కట్ట దింపుకున్నాను, ఆడియో లేదు, పారేశాను. మేమే రోజుకి ఎనిమిది చేసుకోవడం మేలనిపించింది.

వారానికి రెండుసార్లు డిక్టేషన్ ఉంటుంది, కాగితం మీదే. పలకని అక్షరాలన్నీ రాయాల్సిందే కాబట్టి వ్యాకరణం ఇందులో దాగదు. అంకెల డిక్టేషన్ అయితే నవ్వే నవ్వు. 97 అనాలంటే వాళ్లు 'నాలుగిరవైలు, పది, ఏడు' అంటారు. 'కాత్ర్ వాఁ' (నాలుగిరవైలు, అంటే 80) అని వినగానే చిన్నవాడు 8 రాసేస్తాడు, వెనకాలే 'దీసెత్' (పది, ఏడు) వస్తుంది, కొట్టేసి 9 వేస్తాడు. వాడి పుస్తకం నిండా కొట్టివేతలే. ఈమధ్య పెన్సిల్ గాల్లో పట్టుకుని చివరిదాకా ఆగడం నేర్చుకున్నాడు.

పుస్తకాల కోర్సుని కూడా పూర్తిగా పారేయలేదు. జవాబుల పుస్తకం, టీచర్ గైడ్ రెండూ అచ్చులో ఉన్నాయి కాబట్టి వ్యాయామాలకి ఇంకా వాడుతున్నాం. భాష రాని తల్లికి జవాబుల పుస్తకం ఎంత అవసరమో నాలాంటివాళ్లకే తెలుస్తుంది. కొన్ని కోర్సులు దాన్ని వెబ్‌సైట్‌లో మాత్రమే పెడతాయి, కొనేముందు చూసుకోండి.

మూడో ఏడు నుంచి పెద్దది ఫ్రాన్స్‌లోని ఆర్ఎఫ్ఐ రేడియో వాళ్ల 'జుర్నాల్ ఆఁ ఫ్రాఁసే ఫసీల్' వింటోంది. తేలిక ఫ్రెంచ్‌లో పది నిమిషాల వార్తలు. తేలిక అన్నారని మొదటి ఏడే పెట్టకండి, నేను పెట్టి చూశాను, పిల్ల బెదిరిపోయింది.

ఈ పద్ధతిలో పెద్ద లోటు మాట్లాడటమే. రికార్డింగ్ మనల్ని ప్రశ్న అడగగలదు కానీ మన జవాబు వినదు. అందుకే ఇంట్లో ఉన్న డేటా అంతా దీనికే దాచాను. వారానికోసారి అరగంట, ఫ్రెంచ్ తెలిసిన ఆవిడతో (అదే, "ఏ భాషండీ" అన్నావిడే) కెమెరా ఆపేసి కాల్. మా ఫోన్ లెక్కలో దానికి 20 ఎంబీ లోపే అవుతుంది. లైన్ తెగితే పిల్లలు వాయిస్ మెసేజ్ పెడతారు, ఆవిడ తీరిక చూసుకుని సరిదిద్ది పంపుతారు. వారానికి అరగంట చాలదని నాకూ తెలుసు.

పెద్దది ఈ మధ్యే డెల్ఫ్ ఏ2 అనే ప్రాథమిక స్థాయి ఫ్రెంచ్ పరీక్ష రాసింది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి 25 మార్కులు. 100కి 50 రావాలి, ఏ ఒక్కదాంట్లోనూ 5కి తగ్గకూడదు. దానికి వినడంలో 21, చదవడంలో 22, రాయడంలో 17, మాట్లాడటంలో 12.5 వచ్చాయి. మా ఇంట్లో దేనికెంత సమయం పెట్టామో ఆ మార్కుల కాగితమే చెప్తోంది.

ఇలా కూర్చుకోవడానికి నాకు నెలకి ఐదారు గంటలు పోతాయి. ఫైళ్లకి పేర్లు పెట్టడం, వారాలవారీగా సర్దడం, కార్డులకి ఆడియో కత్తిరించడం. అంత తీరిక లేనివాళ్లు, ఆడియో ఫైళ్లు మన సొంతానికే ఇచ్చే ఏదో ఒక కోర్సు డబ్బు పెట్టి కొనుక్కోవడమే నయం. వచ్చే నెల నుంచి కాల్స్ వారానికి రెండు చేద్దామనుకుంటున్నాను. డేటా సరిపోతుంది. ఆవిడకి తీరిక ఉంటుందో లేదో అడగాలి.