పాత కారు మొరాయిస్తే ఎవరి దగ్గరికి: తెలిసిన మెకానిక్కా, కంపెనీ సర్వీస్ సెంటరా?

పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చాలా ఇళ్ల ముందు ఉన్నాయి. వారంలో ఐదారు రోజులు కవర్ కప్పుకొని నిలబడి ఉంటాయి. పెళ్లికో, యాదగిరిగుట్టకో, ఆస్పత్రికో బయల్దేరిన రోజే తాళం తిప్పితే పలకవు. అప్పుడు మూడు దారులుంటాయి: బానెట్ ఎత్తి మనమే చూసుకోవడం, ఊళ్లో తెలిసిన మెకానిక్‌ను పిలవడం, బండిని ఎత్తించి కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పంపడం. మెకానిక్ మంచివాడా, సర్వీస్ సెంటర్ ఖరీదైనదా అన్నది తర్వాతి మాట. బండి ఏ రకంగా మొరాయిస్తోందో ముందు తేలాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

తేల్చుకోవాల్సింది ఒకటే. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోందా, అసలు తిరగడమే లేదా?

తిరగకపోతే మొదటి దారే మేలు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు ఒక్కసారిగా మసకబారి టకటకమని చప్పుడొస్తే కరెంటు చాలడం లేదని అర్థం. లైట్లు అలాగే వెలుగుతూ ఏ చప్పుడూ రాకపోతే స్టార్టర్ మోటార్, దానికి కరెంటు కలిపే చిన్న స్విచ్ లాంటి రిలే, తాళం తిప్పే ఇగ్నిషన్ స్విచ్ వైపు చూడాలి. కొన్ని వందలకు దొరికే మల్టీమీటర్ ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే చార్జింగ్ నిండుగా ఉన్నట్టు. 12 దగ్గరికి పడిపోతే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 అటూ ఇటూ రావాలి, 13 కూడా దాటకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే డైనమోది. కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ కూర్చుంటుంది.

'బ్యాటరీ ఖతమైందన్నా, కొత్తది వేసేద్దాం' అనే మాట చాలామంది వినే ఉంటారు. నిజమే కావచ్చు, మన ఎండలకు బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. కానీ నాలుగైదు వేలు పెట్టే ముందు టెర్మినల్స్ చూడాలి. సీసం క్లిప్పు చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి పేరుకుపోయి ఉంటుంది. పైకి క్లిప్పు గట్టిగానే ఉంటుంది, చేత్తో అటూ ఇటూ తిప్పితే మాత్రం కదులుతుంది. ముందు నెగెటివ్ వైరు విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే పొడి బుసబుసా పొంగి పోతుంది. ఆరాక గరుకు కాగితంతో రుద్ది బిగించాలి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు కూడా తుప్పు పట్టిందేమో చూడాలి. మెకానిక్కులే దీన్ని ఎక్కువగా మర్చిపోతారు. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన బోరునీళ్ల సంగతి తెలిసిందే, వాటిని అందులో పోయకండి. రేడియేటర్‌లోనూ వద్దు, సున్నం పేరుకుపోతుంది.

తోసి స్టార్ట్ చేయడం గురించి ఒక మాట. కార్బొరేటర్ బండి, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే పాత పరికరం ఉన్న బండి, తోస్తే అందుకుంటుంది. ఎంపీఎఫ్‌ఐ బండిలో, అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోల్ చిమ్మే బండిలో, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే పెట్రోల్ పంపుకీ కంప్యూటర్‌కీ కరెంటు ఉండదు, వీధంతా కలిసి తోసినా లాభం లేదు. ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే జంపర్ వైర్లే దిక్కు.

ఇక సెల్ఫ్ బాగానే తిరుగుతూ ఇంజిన్ అందుకోవడం లేదంటే లెక్క మారుతుంది. ఇక్కడ నా ఓటు ఊరి మెకానిక్‌కే. కాకపోతే మెకానిక్‌లలోనూ రెండు రకాలున్నారు, మీ బండికి ఎవరు సరిపోతారో చూసుకోవాలి.

పాత కార్బొరేటర్ బండికి చెవి, చెయ్యి ఉన్న పెద్ద వయసు మెకానిక్ కావాలి. జెట్ శుభ్రం చేయడం, చోక్ సరిచేయడం, ప్లగ్గుకు నిప్పు అందించే పాయింట్లు చూడటం, బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్‌తో అయ్యే పని కాదు. ఎండాకాలం నార్కట్‌పల్లి దగ్గర చాయ్‌కి ఆపి పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే అందుకోదు, చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. పైపులో పెట్రోల్ వేడికి ఆవిరై నిలిచిపోతే ఇలా జరుగుతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే సరిపోతుంది.

ఇదే లక్షణం ఎంపీఎఫ్‌ఐ బండిలో కనిపిస్తే కారణం వేరు. ఇంజిన్ తిరగడాన్ని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ వేడెక్కి సిగ్నల్ ఆపేసే అవకాశం ఎక్కువ. అక్కడ తడిగుడ్డ వైద్యం పనిచేయదు, స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ కావాలి. స్కానర్ చూపించే కోడ్ కూడా దారి చూపుతుందంతే. 'ఆక్సిజన్ సెన్సార్' అని చూపగానే దాన్ని మార్చేసేవాడికంటే, ముందు దాని వైరు చూసేవాడు నయం. పొలాల పక్క ఇళ్లలో ఎలుకలు బానెట్‌లోకి దూరి వైర్లు కొరకడం మామూలే.

మెకానిక్ వచ్చేలోపు మీరు ఒకటి వినొచ్చు. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేస్తే వెనక సీటు కింద రెండు సెకన్లు జుయ్‌మని పంపు చప్పుడు రావాలి. రాకపోతే ఫ్యూజు, రిలే చూడమని ఫోన్లోనే చెప్పండి. చప్పుడు వస్తూ, సెల్ఫ్ కొట్టాక పెట్రోల్ వాసన కూడా గుప్పుమంటే ప్లగ్గులో నిప్పు రావడం లేదేమో అని అనుమానించాలి. ప్లగ్గు విప్పిస్తే దాని కొన చూడండి: కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టు, నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతున్నట్టు, తడి నూనె ఉంటే ఇంజిన్ లోపలి నుంచే ఆయిల్ పైకి వస్తున్నట్టు.

స్టార్ట్ కాకముందు కొన్ని వారాలుగా మిస్సింగ్ కొడుతూ పికప్ తగ్గిందంటే పెట్రోల్‌నూ అనుమానించాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత బండ్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. నెలల తరబడి కదలని బండిలో ఇంధనం ఫిల్టర్ మార్చి, పైపులు మెత్తబడ్డాయేమో చూడటం పెద్ద ఖర్చేం కాదు.

మరి కంపెనీ సర్వీస్ సెంటర్? పాత బండికి రెండు మూడు పనులకే. తాళంలోని చిప్పును బండి గుర్తుపట్టకపోతే, టైమింగ్ బెల్ట్ తెగితే, కంప్యూటర్ మార్చాల్సి వస్తే అక్కడికి వెళ్లడమే మేలు. మిగతా వాటికి అక్కడ సామాను విప్పి బాగుచేయడం తక్కువ, మొత్తం సెట్టే మార్చమంటారు. మీ కంపెనీ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంటే నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు, బండిని ఎత్తించుకెళ్లే టోయింగ్ చార్జీ వేరు. ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే అది కలిసొస్తుంది, కానీ పాత బండ్లకు చాలామంది థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి వదిలేస్తారు.

ఏ దారి పట్టినా ఒక పని ముందే చేయించండి. ప్లగ్గులో నిప్పు, పెట్రోల్ రెండూ వస్తున్నా ఇంజిన్ అందుకోకపోతే సిలిండర్ లోపలి ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్ కొలవమనండి. అన్నీ సరిపడా, దాదాపు సమానంగా ఉంటే వైరింగ్, సెన్సార్ల మీద డబ్బు పెట్టొచ్చు. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఇంజిన్ విప్పాల్సి రావచ్చు. పదిహేనేళ్లు నిండిన బండికి ఆర్‌సీ రెన్యువల్ ఖర్చు కూడా వెంటే ఉంటుంది కాబట్టి, ఆ రెండూ కలిపి చూసుకున్నాకే మెకానిక్‌కు అడ్వాన్సు ఇవ్వండి.