చిక్‌పేటలో కొన్న పోత ఇనుము దోసె పెనం

నాన్‌స్టిక్ మానేసి ఇనప పెనానికి మారాలనుకునే వాళ్ళు బెంగళూరులోనే ఉంటే, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి చిక్‌పేట పాత్రల షాపులకి వెళ్ళి రండి. నేను అవెన్యూ రోడ్డు పక్క సందులో ఒక చిన్న షాపులో తీసుకున్నాను, 11 అంగుళాలది, 850 రూపాయలు. బ్రాండేమీ లేదు. దోసెలు మాత్రం ఎర్రగా, కరకరలాడుతూ వస్తున్నాయి.

ఆ షాపు ఎందుకు నచ్చిందంటే పెనాలు డబ్బాల్లో ఉండవు, దొంతరగా పేర్చి ఉంటాయి, ఎన్నయినా దించి చూసుకోవచ్చు, ఎవరూ విసుక్కోరు. నేను 12 అంగుళాలది పట్టుకుంటే షాపాయన "మీ పొయ్యి బర్నర్ ఎంతుందమ్మా? చిన్నదైతే ఇదొద్దు, మధ్యలో మాడిపోయి అంచులు పచ్చిగా ఉంటాయి" అని తెలుగులోనే చెప్పి, తక్కువ ధరది చేతిలో పెట్టారు. ఆయన మాట నిజం. పోత ఇనుము వేడిని బాగా నిలుపుకుంటుంది కానీ పక్కలకి తొందరగా పాకనివ్వదు, అందుకే సన్నని సెగ మీద కాసేపు నిదానంగా కాగనిచ్చి అప్పుడు పిండి పొయ్యాలి.

కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖంగుమని మోగాలి, బొంగురుగా వస్తే ఎక్కడో పగులు ఉండొచ్చు. బల్ల మీద పెడితే ఊగకూడదు, ఇండక్షన్ స్టవ్ వాళ్ళకి ఇది మరీ ముఖ్యం. అయస్కాంతం అంటుకోకపోతే అది నల్లరంగు అల్యూమినియం. పైన కాస్త గరుకుగా ఉంటే పర్వాలేదు, లోతు గుంటలుంటే మాత్రం వద్దు.

కొన్ని రోజులు గంజిలో నానబెట్టమని షాపులో చెప్తారు. దుమ్ము, పొడి వదలడానికి అది పనికొస్తుందేమో గానీ, పెనం నున్నబడేది నూనె కాలి గట్టి పొరగా అంటుకోవడం వల్లే. కడిగి, పొయ్యి మీద తడి ఆర్చి, నువ్వుల నూనె రాసి, మళ్ళీ గుడ్డతో దాదాపు అంతా తుడిచేసి, కిటికీలు తెరిచి పొగ వచ్చేదాకా కాల్చండి. చల్లారాక మళ్ళీ, ఇలా నాలుగైదుసార్లు. నూనె ఎక్కువైతే జిగట పడుతుంది. దోసెకి ముందు సగం కోసిన ఉల్లిపాయతో రుద్దడం మనందరికీ తెలిసిందే.

రోజూ చేసేది చాలా తక్కువ. కొబ్బరి పీచుతో రుద్ది కడగడం, తడి ఆర్చడం, చుక్క నూనె రాయడం, అంతే. కొంచెం సబ్బు తగిలితే పొర ఏమీ పోదు, టెన్షన్ పడకండి. నానబెడితే మాత్రం తుప్పు పడుతుంది. కాలుతున్న పెనం మీద చన్నీళ్ళు పోస్తే పగిలిపోవచ్చు. చపాతీలకి వేరే పెనం పెట్టుకోండి, ఆ పొడి వేడికి నూనె పొర కాలిపోయి మర్నాడు దోసె అంటుకుంటుంది. ఇనప మూకుడు కొంటే అందులో చింతపండు పులుసు పెట్టొద్దు, పులుపు పొరని తినేస్తుంది, రుచి కూడా ఇనుము వాసన కొడుతుంది.

షాపులో నచ్చనిది ప్యాకింగ్ ఒక్కటే. రెండున్నర కిలోల బరువుని పేపరు చుట్టి పల్చటి కవర్లో ఇచ్చారు, పోత ఇనుము కింద పడితే రెండు ముక్కలవ్వచ్చు, కాబట్టి గట్టి సంచి తీసుకెళ్ళండి. గుంత పొంగనాల పెనం కూడా అక్కడే తీసుకుంటాను, కాకపోతే ప్రతి గుంటా వేలితో తడిమి చూసుకున్నాకే.