విమ్‌లో ఎర్ర పట్టీలు, చెదిరే తెర: పదేళ్లు వాడాక

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, రోజూ వాడుతూ పదేళ్లు దాటింది. ఇన్నేళ్లలో నన్ను బాగా విసిగించినవి రెండు: తెర మీద రంగులు చెదిరిపోవడం, స్పెల్లింగ్ తనిఖీ మొరాయించడం. రెండింటికీ ఎడిటరే కారణమని చాలాకాలం అనుకున్నాను. తీరా చూస్తే టెర్మినల్‌ది ఒక లెక్క, ఒకే టెర్మినల్‌ను పలు భాగాలుగా వాడనిచ్చే టీమక్స్‌ది ఒక లెక్క, విమ్‌ది మరొకటి. ఆ మూడింటికీ పొంతన కుదరని చోటే నా ఇబ్బందుల్లో చాలావరకు పుట్టాయి.

స్పెల్లింగ్ తనిఖీ 2006లో వచ్చిన విమ్ 7 నుంచీ ఎడిటర్‌లోనే ఉంది. 'సెట్ స్పెల్' అంటే చాలు. నేను మొదటిసారి ఆ ఆదేశం ఇవ్వగానే తప్పు పదాలన్నీ ఎర్ర పట్టీల్లో మునిగిపోయాయి. తప్పు ఎక్కడుందో తెలుస్తోంది కానీ ఆ పదమేమిటో చదవలేను. టెర్మినల్‌లో విమ్ తప్పు పదం నేపథ్యానికి ఎరుపు పులుముతుంది. నేను ఎంచుకున్న రంగుల్లో అక్షరాలూ ఎరుపుకు దగ్గరగానే ఉన్నాయి. తప్పు పదాల రంగును నిర్ణయించే స్పెల్‌బ్యాడ్ అనే హైలైట్‌కు నేపథ్యం తీసేసి, అడుగున గీత పెట్టాను. ఎడిటర్ మూసి తెరిస్తే మళ్లీ అదే ఎరుపు! విమ్ సెట్టింగులుండే విమ్‌ఆర్‌సీ ఫైలులో నా వరుస, రంగుల అమరికను ఎంచే కలర్‌స్కీమ్ వరుసకు పైన ఉంది. కలర్‌స్కీమ్ లోడయ్యేటప్పుడు అంతకుముందు పెట్టిన రంగులను తుడిచేస్తుంది. నా వరుసను దాని కిందికి దించాక ఆ బెడద పోయింది.

ఈ తనిఖీలో నాకు ప్రాణమైనది సొంత పదాల జాబితా. పదం మీద కర్సర్ ఉంచి జెడ్, జీ నొక్కితే అది సరైన పదంగా నమోదవుతుంది. జెడ్, ఈక్వల్స్ నొక్కితే సూచనలు వస్తాయి. ఒకసారి సూచనలు అడగబోయి జెడ్, జీ నొక్కేశాను. ఆ తప్పు స్పెల్లింగ్ నెలల తరబడి నా పత్రాలన్నింటిలో దర్జాగా తిరిగింది. జెడ్, యూ, జీ నొక్కితే నమోదు రద్దవుతుందని అప్పుడే తెలుసుకున్నాను. ఆ జాబితా మామూలు టెక్స్ట్ ఫైలే కాబట్టి అప్పుడప్పుడు తెరిచి చూడండి.

తెర చెదిరితే ముందు కంట్రోల్-ఎల్ నొక్కండి. విమ్ తెరను కొత్తగా గీస్తుంది. అయినా మళ్లీ మళ్లీ చెదురుతుంటే టెర్మినల్ ఏ రకమో ప్రోగ్రాములకు చెప్పే టర్మ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను చూడాలి. టీమక్స్‌లో పైకీ కిందికీ జరిపినప్పుడల్లా నాకు వేరే రంగు ముక్కలు మిగిలిపోయేవి. ఎప్పుడో షెల్ (టెర్మినల్‌లో ఆదేశాలు అందుకునే ప్రోగ్రాము) సెట్టింగుల ఫైలులో టర్మ్ విలువను ఎక్స్‌టర్మ్-256కలర్ అని నేనే బిగించి మరిచిపోయాను. టీమక్స్ తనకు తగిన విలువ తానే పెట్టుకుంటుంది, నా వరుస దాన్ని చెరిపేస్తోంది. ఒక్క వరుస తీసేస్తే తెర శుభ్రపడింది. దానికోసం అంతకుముందు విమ్‌కు జోడించుకున్న ప్లగిన్లు ఎన్ని తీసి పెట్టానో!

తెలుగు దగ్గర మాత్రం నాకు తృప్తి లేదు. విమ్‌తో తెలుగు నిఘంటువు రాదు. ఇంగ్లిష్ తనిఖీ పెట్టి తెలుగు ఫైలు తెరిస్తే పుటంతా తప్పులే. అందుకే ఆ ఫైళ్లలో తనిఖీ ఆపేస్తాను. ప్రదర్శన సంగతి ఇంకా కష్టం. 'స్త్రీ' అనే ఒక్క అక్షరంలో ఆరు యూనికోడ్ సంకేతాలున్నాయి. కర్సర్ దాన్ని దాటడానికి మూడు అడుగులు వేస్తుంది. దాని మీద జీ, ఏ నొక్కి చూడండి: స, దాని వెంట పొల్లు, విడివిడి సంఖ్యలతో కనిపిస్తాయి. టెర్మినల్ సమానమైన గళ్లలో అక్షరాలు పేరుస్తుంది, మన ఒత్తులు ఆ గళ్లలో ఇమడవు. కొన్ని టెర్మినళ్లలో ఒత్తు పక్క గడిలోకి జారుతుంది, కొన్నింటిలో వరుస చివర కర్సర్ ఒకచోట, అక్షరం పడేది మరొకచోట. ఫాంటు మారిస్తే కొంత నయమైంది, అంతే.

కోడ్, ఇంగ్లిష్ నోట్సు ఇప్పటికీ విమ్‌లోనే రాస్తాను, మరో ఎడిటర్ వైపు మనసు పోలేదు. తెలుగులో నాలుగు పేరాలు దాటితే మాత్రం వేరే ఎడిటర్ తెరుస్తున్నాను.