బైపాస్ తర్వాత కిడ్నీలకు ఏది మేలు: మెషిన్ మీద చేసిందా, బీటింగ్ హార్టా?

చెన్నై గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీల్లో ఏ సాయంత్రం చూసినా నెల్లూరు, ఒంగోలు, తిరుపతి మాటలే వినిపిస్తాయి. గుండె ఆపరేషన్‌కి వచ్చినవాళ్ల బంధువులు ఒకరి ఫైలు ఒకరు చూసుకుంటూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మీవాళ్లకి మెషిన్ పెట్టి చేశారా, పెట్టకుండానా?" మెషిన్ అంటే ఆపరేషన్ జరిగేంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం. అది లేకుండా, కొట్టుకుంటున్న గుండె మీదే చేస్తే బీటింగ్ హార్ట్. మెషిన్ పెడితే కిడ్నీలు పోతాయన్న మాట అంతగా పాతుకుపోయింది. మా మామయ్యకి మూడు బ్లాకులున్నాయి, బైపాస్ చేయాలని డాక్టరు చెప్పగానే అత్తయ్య నన్ను పక్కకి పిలిచి, "ఒరే, ఖర్చెంతైనా సరే, మెషిన్ వద్దని చెప్పరా" అంది. ఆయనకి చాలా ఏళ్లుగా షుగరు. ఆపరేషన్‌కి ముందే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే పెరిగే నంబరు) 1.3. కాబట్టి ఆవిడ భయం ఉత్తిది కాదు.

అయినా నా ఉద్దేశం ఇది: మెషినా కాదా అన్నది సర్జన్‌కి వదిలేయాలి. కిడ్నీలు పదేళ్లు నిలవాలంటే మనం పట్టుబట్టాల్సిన విషయాలు వేరే ఉన్నాయి.

మెషిన్ మీద చేసేటప్పుడు గుండెని ఆపేసి, రక్తాన్ని ట్యూబుల గుండా బయట తిప్పుతారు. ఆ ట్యూబులు తగిలి ఒంట్లో వాపు గుణం పెరుగుతుంది, కొన్ని ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి, రక్తం పలచబడుతుంది. ఇవన్నీ కిడ్నీకి పడనివే. బీటింగ్ హార్ట్‌లో ఆ బెడద లేదు. మన దేశంలో దీన్ని ఇష్టపడే సర్జన్లు చాలామందే ఉన్నారు. కానీ గుండె వెనక వైపు రక్తనాళానికి కుట్లు వేయాలంటే, కొట్టుకుంటున్న గుండెని ఎత్తి పక్కకి తిప్పి పట్టుకోవాలి. అప్పుడు బీపీ పడిపోతుంది. బీపీ పడితే ముందు అలిగేది కిడ్నీయే. అంటే రెండు దారుల్లోనూ దెబ్బ ఉంది, తగిలే తీరే వేరు.

ఈ గొడవ తేల్చడానికి కరొనరీ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 19 దేశాల్లో 4,752 మంది, అందులో మన దేశం వాళ్లూ ఉన్నారు. ఎవరికి ఏ పద్ధతి అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. వాళ్లలో 2,932 మంది కిడ్నీలను విడిగా గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ అయిన నెలలోపు కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మెషిన్ మీద 20.8 శాతం, మెషిన్ లేకుండా 17.5 శాతం. ఇక్కడిదాకా అత్తయ్య మాటే గెలిచింది. ఏడాది తర్వాత చూస్తే, కిడ్నీ పనితనం అయిదో వంతు లేదా అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్లు మెషిన్ వైపు 15.3 శాతం, బీటింగ్ హార్ట్ వైపు 17.1 శాతం. ఆ కాస్త తేడా లెక్కలోకి వచ్చేది కాదు. మొదటి నెలలో మిగిల్చుకున్న లాభం ఏడాది తిరిగేసరికి కనపడకుండా పోయింది. అయిదేళ్ల తర్వాత చావు, పక్షవాతం, గుండెపోటు, కిడ్నీ ఫెయిల్యూర్, మళ్లీ ఆపరేషన్ లేదా స్టెంట్ అవసరం అన్నీ కలిపి చూసినా రెండు వైపులా దాదాపు సమానమే.

మెషిన్ లేకపోతే అన్ని విధాలా క్షేమం అనుకునేవాళ్లకి ఇంకొకటి చెప్పాలి. అమెరికాలో మాజీ సైనికుల మీద చేసిన రూబీ అధ్యయనంలో అయిదేళ్లలో చనిపోయినవాళ్లు మెషిన్ మీద 11.9 శాతం, బీటింగ్ హార్ట్‌లో 15.2 శాతం. అక్కడి సర్జన్ల అనుభవం మీద విమర్శలొచ్చాయి. సరిగ్గా నేననేదీ అదే. ఏ చెయ్యి దేనికి అలవాటు పడిందో ఆ చేత్తో అదే చేయించుకోవడం మేలు. 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ దేశంలో మొదటి బైపాస్ చేసింది ఈ చెన్నైలోనే, పెరంబూర్ రైల్వే ఆసుపత్రిలో. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్న ఊళ్లో రెండు పద్ధతులకీ చెయ్యి తిరిగినవాళ్లు దొరుకుతారు. బృహద్ధమనిలో, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళంలో, సున్నం బాగా పేరుకుపోయిన వాళ్లకి మెషిన్ లేకుండా చేయడమే మంచిదనిపించవచ్చు. అది స్కాన్ చూసి సర్జన్ తేల్చాలి, లాడ్జి వరండాలో మనం కాదు.

ఇక మనం పట్టుబట్టాల్సిన విషయాలకి వద్దాం. ఐసీయూలో మొదటి రెండు రోజులూ నర్సు గంటగంటకీ మూత్రం సంచీ కొలిచి రాస్తుంది. 70 కిలోల మనిషికి గంటకి 35 మిల్లీలీటర్ల కన్నా తక్కువ వస్తూ ఆరు గంటలు గడిస్తే, లేదా క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 పెరిగితే, కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. తర్వాత నంబరు మామూలుకి వచ్చేస్తుంది, మనమూ మర్చిపోతాం. కానీ అలా ఒకసారి దెబ్బ తిని కోలుకున్న వాళ్లకి ముందుముందు కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. అందుకే డిశ్చార్జి కాగితంలో మూడు నంబర్లుండాలని అడగండి: ఆపరేషన్‌కి ముందు క్రియాటినిన్, మధ్యలో ఎక్కడిదాకా పెరిగింది, ఇంటికి వెళ్లేనాటికి ఎంత. చాలా కాగితాల్లో చివరిది ఒక్కటే ఉంటుంది.

ఇక క్రియాటినిన్ ఒక్కటి చాలా, ఏసీఆర్ కూడా కావాలా? ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు, రెండూ కావాలి. పెద్ద ఆపరేషన్ తర్వాత మనిషి చిక్కిపోతాడు. కండ తగ్గితే క్రియాటినిన్ కూడా తగ్గుతుంది, కిడ్నీ బాగుపడకపోయినా రిపోర్టు బాగుంటుంది. పైగా ఆ నంబరుకి ఒంటరిగా అర్థం లేదు. అదే 1.3కి 62 ఏళ్ల మగమనిషికి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క) 62 దాకా వస్తే, అదే వయసు ఆడమనిషికి 46 మాత్రమే వస్తుంది. ఏసీఆర్ అంటే మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతోందో చూసే పరీక్ష. 30 లోపు ఉంటే ఫర్వాలేదు. క్రియాటినిన్ ఇంకా కదలకముందే ఇది పట్టించేస్తుంది, అందులోనూ షుగరున్నవాళ్లకి. కిడ్నీకి దెబ్బ తగిలినవాళ్లకి ఆపరేషన్ అయిన మూడు నెలలకి ఈ రెండూ చేయించాలి.

నొప్పి మాత్రల దగ్గర మన ఊళ్లలో జరిగేది తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. కోత పెట్టిన ఎదురొమ్ము ఎముక నెలల తరబడి సలుపుతుంది. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేసి పంపేస్తాడు, ఆ సాయంత్రానికి హాయిగా ఉంటుంది కూడా. బీపీకి టెల్మిసార్టాన్, నీరు పోవడానికి మాత్ర వేసుకుంటూ దాని మీద డైక్లోఫెనాక్ పడితే కిడ్నీకి అందే రక్తం, అది వడకట్టడానికి కావాల్సిన ఒత్తిడి రెండూ ఒకేసారి పడిపోతాయి. గుండెకీ అది మంచిది కాదు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకుని కాస్త ఓర్చుకోవడమే నయం. భస్మాల జోలికి అసలు పోవద్దు. అలాగే ఆపరేషన్‌కి ముందు ఆపిన బీపీ, షుగరు మాత్రలు మళ్లీ ఎప్పటినుంచో అడిగి రాయించుకోవాలి. ఎవరూ చెప్పలేదని ఆపినవి ఆపినట్టే వదిలేసేవాళ్లు చాలామంది. "నీళ్లు బాగా తాగు, కిడ్నీలు కడుక్కుపోతాయి" అని పక్కింటాయన చెప్పే సలహా కూడా గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి పనికిరాదు, వాళ్లకి డాక్టరు రోజుకి ఇంతని కొలత పెడతాడు.

చివరి పేచీ, కిడ్నీ పరీక్షలకి ప్రతిసారీ చెన్నై రావాలా? అక్కర్లేదు. మామయ్య విషయంలో మేం నెల్లూరులోనే ఒక ల్యాబు పెట్టుకున్నాం, ప్రతిసారీ అదే. ల్యాబు మారితే నంబర్లు అటూ ఇటూ అయ్యి అనవసరమైన టెన్షన్. రిపోర్టు ఫొటో తీసి నాకు పంపుతారు, నేను తారీఖుల వారీగా రాసి పెడతాను. గుండె చెకప్‌కి ఎలాగూ ఇక్కడికి రావాలి, అప్పుడు ఆ కాగితం పట్టుకెళ్తాం. ఈజీఎఫ్ఆర్ 30 కిందికి పోయినా, ఏసీఆర్ 300 దాటినా, రెండు రిపోర్టుల మధ్య క్రియాటినిన్ గబుక్కున ఎగబాకినా మాత్రం చెకప్ తేదీ దాకా ఆగకూడదు. నెఫ్రాలజిస్ట్ నెల్లూరులో దొరికితే అక్కడే, లేదంటే మర్నాడు పొద్దున రైలెక్కి చెన్నై.