గుంటూరు నుంచి డాలస్‌కు: ఇరవై గంటలని నమ్మించిన ప్రయాణం

డాలస్ చేరడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే, మాకు టికెట్లు అమ్మిన బ్రాడీపేట ట్రావెల్ ఏజెంటు తడుముకోకుండా ఇరవై గంటలన్నాడు. గుంటూరులో ఇంటికి తాళం వేసింది మొదలు డాలస్ శివారు ఫ్రిస్కోలో మా అమ్మాయి గడప తొక్కేసరికి నలభై ఒక్క గంటలు దాటింది. మోకాళ్ల నొప్పులున్న నా భార్య పడిన అవస్థ చూశాక, పిల్లల దగ్గరికి బయలుదేరే పెద్దవారికి ఈ లెక్క విప్పి చెప్పాలనిపించింది.

హైదరాబాద్ నుంచి దుబాయికి దాదాపు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడి నుంచి డాలస్‌కు సుమారు 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు. ఏజెంటు చెప్పిన ఇరవై ఇవే. హైదరాబాద్, డాలస్‌ల మధ్య అతి దగ్గరి దారే దాదాపు 14,400 కిలోమీటర్లు కాబట్టి, దుబాయి చుట్టు వల్ల పెరిగే దూరం వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే.

అతడు దాచింది దుబాయిలో ఏడు గంటల యాభై నిమిషాల నిరీక్షణ. టికెట్టు మీద తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి అదే తేదీ రాత్రి 9:30కి దిగుతామని ఉంటుంది. వేసవిలో డాలస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనుక నడుస్తుంది కనుక, ఆ మధ్యలో గడిచేది 28 గంటలని చూడగానే తట్టదు. మూడు గంటల విరామం ఉన్న టికెట్టు తలకు 9,300 రూపాయలు ఎక్కువకు దొరికేదని తర్వాత మా అల్లుడు చూపించాడు. ఆ మాట ముందే చెప్పి ఉంటే సంతోషంగా ఇచ్చేవాళ్లం. రెండు టీలకు 38 దిర్హములు పోసి, ఇనుప కుర్చీల మీద ఆవిడ కాళ్లు చాపుకోవడానికి చోటు వెతుకుతూ కూర్చున్నాం. అంతకంటే నాకు కోపం తెప్పించిన సంగతి మరొకటి ఉంది. విమానయాన సంస్థలు ఉచితంగా ఇచ్చే వీల్‌చెయిర్‌కు అతడు మా దగ్గర 1,500 రూపాయలు వసూలు చేశాడు. దాన్ని నడిపిన కుర్రవాడు మాత్రం ఆవిడను కన్నతల్లిలా చూసుకున్నాడు.

డాలస్‌లో ఇమిగ్రేషన్ వరుస గంటన్నర పట్టింది. ఆ తర్వాత అమ్మాయి ఇంట్లో రోజులు హాయిగా గడిచాయి.

వెళ్లేటప్పుడు పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా శంషాబాద్‌కు కారుకు 7,200 రూపాయలైంది. సాయంత్రం 5 గంటలకే బయలుదేరవలసి వచ్చింది. తిరుగు టికెట్టును అల్లుడు మార్పించాడు. పడమర నుంచి తూర్పుకు వీచే పైగాలులు తోడవడంతో డాలస్ నుంచి దుబాయికి పద్నాలుగున్నర గంటలే పట్టింది, విరామం మూడు గంటలు. హైదరాబాద్ నుంచి గన్నవరానికి తలకు 3,150 రూపాయలతో గంటలో విమానంలో వచ్చాం. వయసు పైబడినవారు ఆ రోడ్డు ప్రయాణం పెట్టుకోవద్దు. టికెట్టు కొనేముందు గాలిలో ఎన్ని గంటలని కాక, గన్నవరంలో ఎక్కింది మొదలు చివరి విమానాశ్రయంలో దిగేవరకు ఎన్ని గంటలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో కాగితం మీద రాసిమ్మనండి; రాసివ్వనివాడి దగ్గర కొనకండి.