గేరుబాక్స్ సెన్సార్ అప్పుడప్పుడూ మొరాయిస్తుంటే: మార్చేయాలా, తప్పు ఎక్కడో పట్టుకోవాలా?

మా బాబాయిది ఆటోమేటిక్ కారు. మెహిదీపట్నం, టోలిచౌకి ట్రాఫిక్‌లో ముప్పావు గంట నలిగితే చాలు, ఒక్క కుదుపు కుదిపి మూడో గేరులో ఇరుక్కుపోయేది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడిచేది. కారు కంప్యూటర్‌లో నమోదైన తప్పుల్ని చదివే స్కానర్ పెడితే పి0720 కోడ్ వచ్చింది. గేరుబాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్లే అవుట్‌పుట్ షాఫ్ట్ వేగం చెప్పే సెన్సార్ సర్క్యూట్‌లో లోపమని దానర్థం. వర్క్‌షాపులో సెన్సార్ మార్చారు. పన్నెండో రోజున మళ్లీ అదే కుదుపు.

ఆ కోడ్‌లో గట్టిగా పట్టుకోవాల్సిన మాట ‘సర్క్యూట్’. సెన్సార్ పోయినా, వైరు తెగినా, కనెక్టర్ పిన్ను వదులైనా అదే కోడ్ వస్తుంది.

సెన్సార్ బయట ఒక బోల్టుతో బిగించి ఉండి, ధర తక్కువైతే నేరుగా మార్చి చూడటంలో తప్పులేదు. చాలా కార్లలో అది గేరుబాక్స్ లోపల, ఆయిల్ పాన్ విప్పితే గానీ అందని చోట ఉంటుంది. అలాంటప్పుడు ఊహ మీద మార్చడానికి నేను ఒప్పుకోను.

మల్టీమీటర్‌తో ఓమ్‌లు (నిరోధం) కొలవడం రెండు వైర్ల కాయిల్ సెన్సార్‌కి పనికొస్తుంది, అదీ బండి వేడిగా ఉన్నప్పుడే కొలవాలి. చల్లారాక రీడింగ్ సరిగ్గానే చూపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. లోపల ఎలక్ట్రానిక్స్ ఉండే మూడు వైర్ల హాల్ సెన్సార్‌ని ఓమ్‌లతో తేల్చలేం.

నా ఓటు లైవ్ డేటాకే, అంటే బండి నడుస్తుండగా సెన్సార్లు పంపే రీడింగులకే. స్కానర్ పెట్టుకుని, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు గ్రాఫ్ చూడాలి. కుదుపు వచ్చిన క్షణంలో ఏబీఎస్ (బ్రేకుల వ్యవస్థ) చూపే చక్రాల వేగం నిలకడగా ఉండి, అవుట్‌పుట్ వేగం ఒక్కసారిగా సున్నాకి పడితే సిగ్నల్ పోయినట్టే. అవుట్‌పుట్ అలాగే ఉండి ఇన్‌పుట్ వేగం (ఇంజిన్ వైపు నుంచి గేరుబాక్స్‌లోకి వచ్చేది) ఎగబాకితే లోపల క్లచ్ జారుతుండవచ్చు. అది వేరే జబ్బు, పెద్ద ఖర్చు. ఫోన్‌తో కలిపి వాడే చౌక స్కానర్, అంటే బ్లూటూత్ డాంగిల్, చాలాసార్లు ఇంజిన్ డేటాతోనే ఆగిపోతుంది. మీ మోడల్ గేరుబాక్స్ డేటా అందులో రాకపోతే, వర్క్‌షాపు స్కానర్‌తో గంటసేపు రోడ్ టెస్ట్‌కి డబ్బు కట్టడమే మేలు. దయచేసి ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ వచ్చిన క్షణంలో కారు దాచుకున్న రీడింగులు) ఫొటో తీసుకోకుండా కోడ్ చెరపనివ్వకండి. తప్పు ఏ వేగంలో, ఎంత వేడిలో వచ్చిందో అందులోనే ఉంటుంది.

బాబాయి కారుని రెండో వర్క్‌షాపులో లిఫ్ట్ ఎక్కించి, చక్రాలు గాల్లో తిరుగుతుండగా వైర్లను కర్రతో మెల్లగా కదిపారు. సైలెన్సర్ పైపు పక్కన ఒకచోట కదపగానే గ్రాఫ్ పడిపోయింది. వేడికి తొడుగు పెళుసెక్కి, లోపలి రాగి పోగులు తెగి ఉన్నాయి. ఆ ముక్క మార్చి, వేడి తట్టుకునే స్లీవ్ తొడిగి, వైరుని పైపుకి దూరంగా కట్టారు.