నుంగంబాక్కంలో రెండు ఫైనల్స్

ముందు ఫలితాలు చెప్పేస్తాను. చెన్నైలో నుంగంబాక్కం స్టేడియంలో జరిగే చెన్నై ఓపెన్ టెన్నిస్‌లో 2022 మహిళల సింగిల్స్ టైటిల్ చెక్ అమ్మాయి లిండా ఫ్రువిర్తోవాది. ఫైనల్లో పోలండ్‌కు చెందిన మగ్దా లినెట్‌ను 4-6, 6-3, 6-4తో ఓడించింది. 2025లో టైటిల్ ఇండోనేషియా అమ్మాయి జానిస్ చెన్‌కు వెళ్ళింది. ఆస్ట్రేలియా క్రీడాకారిణి కింబర్లీ బిరెల్ మీద 6-4, 6-3. ఈ రెండు ఫైనల్సూ నేనూ మా అమ్మాయీ ఒంగోలు నుంచి వెళ్ళి మరీ చూశాం.

2005 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో సానియా మీర్జా అల్యోనా బొండరెంకోను మూడు సెట్లలో ఓడించి, డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ అంతర్జాతీయ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలైంది. ఆ రోజు నేను ఇంట్లో టీవీ ముందున్నాను. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. బద్ధకించాను. అందుకే 2022లో చెన్నైకి డబ్ల్యూటీఏ టోర్నీ వస్తోందనగానే టికెట్లు తీసేశాను. 2008 బెంగళూరు తర్వాత మన దేశానికి ఆ స్థాయి మహిళల టోర్నీ రావడం అదే.

ప్రయాణానికి పినాకిని ఎక్స్‌ప్రెస్‌ను మించింది లేదు. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దింపుతుంది. స్టేషన్ బయట ఆటో అడిగితే మూడొందల యాభై అన్నాడు. దండం పెట్టి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌కి నడిచాం. తాంబరం వైపు వెళ్ళే లోకల్ ఎక్కితే ఎగ్మోర్, చెట్‌పెట్, ఆ తర్వాత నుంగంబాక్కమే. టికెట్ ఐదు రూపాయలు. అక్కడి నుంచి స్టేడియానికి నడక. సెప్టెంబరు ఉక్కపోతలో చొక్కా తడిసి ముద్దవుతుంది, అంతే.

బసలో మాత్రం మొదటిసారి బోల్తా పడ్డాం. నాలుగు డబ్బులు మిగులుతాయని సెంట్రల్ దగ్గర పెరియమేట్‌లో ఓ లాడ్జిలో దిగాను, రోజుకు పదమూడు వందలు. ఏసీ అని రాశారు గానీ అది చప్పుడుకే. దుప్పటి మీద ఎవరిదో పాత టీ మరక. పైగా రాత్రి ఆలస్యమైతే గేటు వేసేస్తామని మేనేజరు ముందే హెచ్చరించాడు.

శనివారం సెమీస్. మగ్దా లినెట్ 3-0తో ఆధిక్యంలో ఉండగా బ్రిటన్ అమ్మాయి కేటీ స్వాన్ తప్పుకుంది. మూడంటే మూడు గేములు! మా పల్లీల పొట్లం ఇంకా విప్పనే లేదు. ఆటలో గాయాలు ఎవరి చేతిలోనూ ఉండవు, తెలుసు. అయినా ఒంగోలు నుంచి వచ్చినవాడికి కాస్త కడుపు మండుతుంది. ఇంకో సెమీస్ ఆ లోటు తీర్చింది. అర్జెంటీనా క్రీడాకారిణి నాదియా పొదొరోస్కా మీద లిండా మొదటి సెట్ పోగొట్టుకుని, తర్వాతి రెండూ లాక్కుంది.

ఇక ఆదివారం. ఒకవైపు 17 ఏళ్ళ పిల్ల, మరోవైపు 30 ఏళ్ళ అనుభవజ్ఞురాలు. అప్పటికి పదమూడేళ్ళున్న మా అమ్మాయి లెక్కల నోటు వెనక పేజీల్లో ఒక్కో పాయింటూ గీతలు పెట్టుకుంటూ కూర్చుంది. తొలి సెట్ లినెట్‌ది, రెండోది లిండాది. మూడో సెట్‌లో లినెట్ 4-1తో ముందుకెళ్ళిపోయింది. అయిపోయిందనుకున్నాను. లాడ్జి గేటు గుర్తొచ్చి టెన్షన్ మొదలైంది. "పదమ్మా" అని బ్యాగు భుజానేసుకున్నాను. "ఒక్క గేమ్ నాన్నా" అంది, నోటులోంచి తలెత్తకుండానే. ఆ ఒక్క గేమ్ లిండా గెలిచింది. ఇంకొకటి. ఇంకొకటి. పక్క సీటులో ఇక్కడ మగవాళ్ళ టోర్నీ జరిగే రోజుల నుంచీ వస్తున్న పెద్దాయన నా బ్యాగు పట్టుకుని కిందకి లాగి, వచ్చీరాని తెలుగులో "కూచో సార్, కూచో" అన్నాడు. వరసగా ఐదు గేములు, 6-4. లాడ్జి గేటు దగ్గర ఇరవై నిమిషాలు తలుపు కొట్టాల్సి వచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ మా అమ్మాయి నోటు తిరగేస్తూనే ఉంది.

(ఓడిన లినెట్ మీద జాలి పడక్కర్లేదు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీస్‌లో ఉంది.)

రెండోసారికి బుద్ధి తెచ్చుకున్నాను. 2025లో వళ్ళువర్ కోట్టం దగ్గరి సందులో గది తీసుకున్నాం. రోజుకు రెండు వేల ఆరొందలు, అంటే పాతదానికి రెట్టింపు. కానీ స్టేడియానికి నడిచి వెళ్ళొచ్చు, రాత్రి ఎంతైనా ఫర్వాలేదు, వేణ్ణీళ్ళు నిజంగానే వస్తాయి. కింద మెస్సులో పొద్దున పొంగల్, ఫిల్టర్ కాఫీ. కాఫీకి వంక పెట్టలేం. పొంగల్‌లో మిరియాలు మాత్రం మన నోటికి తక్కువే. ఆదివారం ఉదయం ఖాళీగా ఉంటే వళ్ళువర్ కోట్టంలో రాతిరథం, మండపంలో చెక్కిన తిరువళ్ళువర్ 1,330 కురళ్ళు (రెండేసి పాదాల పద్యాలు) చూసి, టీనగర్ టీటీడీ గుళ్ళో దండం పెట్టుకుని రావచ్చు. టీనగర్ బట్టల కొట్ల జోలికి వెళ్తే మ్యాచ్ మర్చిపోవాల్సిందే.

ఈసారి టెన్షన్ మొంథా తుపాను పెట్టింది. ఆ వారం మధ్యలో అది మన కోస్తాను తాకి, బోలెడన్ని రైళ్ళు రద్దయ్యాయి. శనివారానికి సర్దుకున్నాయి కాబట్టి బతికిపోయాం.

ఫైనల్ మొదటిదానంత ఉత్కంఠగా లేదు. జానిస్ బలమైన ఫోర్‌హ్యాండ్, కిందకి కోసే బ్యాక్‌హ్యాండ్ స్లైస్ ముందు బిరెల్‌కు దారి దొరకలేదు. ఇండోనేషియాకు 2002లో ఏంజెలిక్ విజయ తర్వాత మళ్ళీ డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ ఇదే. అల్దిలా సుత్జియాదితో కలిసి డబుల్స్ కూడా జానిసే కొట్టింది. మా అమ్మాయి ఇప్పుడు స్లైస్ తప్ప ఇంకో షాట్ ఆడనంటోంది, కోచ్ తల పట్టుకుంటున్నారు.

అసలు బాధ వేరే ఉంది. 2025 సింగిల్స్‌లో మన హైదరాబాద్ అమ్మాయిలు సహజ యమలపల్లి, శ్రీవల్లి రష్మిక ఆడారు. మేం వెళ్ళేసరికి ఇద్దరి ఆటా ముగిసిపోయింది. ఫైనల్ ఫైనల్ అని శని, ఆదివారాలకే టికెట్లు కొనే నాబోటివాళ్ళు తెలుసుకోవాల్సింది ఇదే. మనవాళ్ళను చూడాలంటే తొలి రౌండ్లకే వెళ్ళాలి. అప్పుడైతే ఒకేసారి పక్క కోర్టుల్లోనూ మ్యాచ్‌లు నడుస్తుంటాయి, ఒక్కటి మూడు గేముల్లో ఆగిపోయినా ఇంకోదాని దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు. ఈసారి టోర్నీ పడితే సోమవారం పినాకినికే బయల్దేరుతాం. ఇంటర్ కాలేజీకి సెలవు చీటీ నేనే రాసిస్తానని మాటిచ్చాను. జ్వరం అని రాయాలా, పెళ్ళి అని రాయాలా అన్నదే ఇంకా తేల్చుకోలేదు.